‘అమ్మొచ్చేదాకా’కు తాళం పడటం మంచిదే!

పొద్దున్నే ఐదింటికి పిల్లల్ని చూసుకునే చోటు ఒకటి ఉండాలా? అక్కర్లేదు! ఆ వేళకు పిల్లలు నిద్రపోవాలి. తల్లులూ నిద్రపోవాలి. మిరపకాయలు కూడా చెట్టు మీదే నిద్రపోవాలి. తొమ్మిదిన్నరకు గంట కొడితే అందరూ ఒక్కసారిగా లేచి ఎవరి సీట్లో వాళ్ళు కూర్చోవాలి. క్రమశిక్షణ అంటే అదీ!

ఇంత చిన్న విషయం అర్థం కాక మా వీధిలో ఇద్దరు ఆడవాళ్ళు మూడేళ్ళ పాటు ఒక పిల్లల కేంద్రం నడిపారు. పదిహేను రోజుల కిందట దానికి తాళం పడింది. ఊళ్ళో చాలామంది బాధపడుతున్నారు. బాధపడేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఆ తాళం వల్ల సమాజానికి కలిగిన మేలేమిటో నిదానంగా ఆలోచించేవాళ్ళే తక్కువ. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం.

ముందు నా అర్హతలు మనవి చేసుకోవాలి. నా పేరు సుభానీ. ఒంగోలులో గుమాస్తాగా చేరి ముప్పై నాలుగేళ్ళ తర్వాత సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ఎలాంటి కాగితాన్నయినా నలగకుండా, చిరగకుండా, కదలకుండా మూడేళ్ళు ఒకే చోట ఉంచగల అనుభవం నాది. ఇప్పుడు దర్శికి ఆటోలో అరగంట దూరం ఉన్న మా సొంత ఊళ్ళో విశ్రాంతి తీసుకుంటున్నాను. తీసుకుంటున్నాను అంటే, తీసుకోవాలని గట్టిగా ప్రయత్నిస్తున్నాను. ఆ కేంద్రం సరిగ్గా మా ప్రహరీగోడకు అవతల ఉండేది మరి!

ఒకప్పుడు అది పొగాకు గ్రేడింగ్ షెడ్డు. తర్వాత చాలా ఏళ్ళు ఖాళీగా పడి ఉంది. ఖాళీగా ఉన్నన్నాళ్ళు దాని మీద ఎవరికీ ఏ అభ్యంతరమూ లేదు. నాలుగు పాత గోనెలు, రెండు కుక్కలు అందులో ఎంతో పద్ధతిగా కాపురం ఉండేవి. అలాంటి ప్రశాంతమైన చోటికి ఖుర్షిదా వచ్చింది. ఎండు మిరపకాయల ముచ్చికలు తీసే పనిలో ఇరవై ఏళ్ళు గడిపిన మనిషి. ఆమెకు తోడు దేవకుమారి, చర్చిలో ఆదివారం పూట పిల్లలకు పాటలు నేర్పే ఆమె. ఇద్దరూ కలిసి గోనెలు బయటపడేసి, నేల కడిగి, గోడలకు సున్నం కొట్టి, గుమ్మం మీద ఒక బోర్డు రాయించారు: ‘అమ్మొచ్చేదాకా’.

పేరు చూశారా? అమ్మ ఎప్పుడొస్తుంది? ఎవరికీ తెలియదు! తెరిచే వేళ, మూసే వేళ లేని సంస్థ ఎక్కడైనా ఉంటుందా? బాధ్యతగల పౌరుడిగా గోడ మీంచి తొంగిచూసి అడిగాను.

“అమ్మాయ్ ఖుర్షిదా, మీ టైమింగ్స్ ఏంటమ్మా?”

“మనదేముంది బాబాయ్, కాయ ఎట్టా చెబితే అట్టా” అంది.

కాయ అంటే మిరపకాయ. కోతల కాలంలో ఎండ ముదరకముందే పని జరగాలని కూలీల ఆటోలు ఐదింటికే బయల్దేరతాయి. ఇవాళ ఒక చేను, రేపు ఇంకో చేను. ఒక చేలో కోత అయితే మళ్ళీ ఆ చేలో కాయ పండటానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోగా ఎవరిదో పత్తి తీత, ఇంకెవరిదో ముచ్చికల పని. మేస్త్రి ఫోన్ చేసి చెప్పేదాకా మర్నాడు పని ఉందో లేదో తల్లికే తెలియదు. ఇక చంకలో పిల్లాడికేం తెలుస్తుంది? అయినా ఖుర్షిదా తెల్లారకముందే తలుపు తీసి కూర్చునేది. నలుగురొస్తే నలుగురు. ముప్పై మందొస్తే ముప్పై మంది. గంటకైనా సరే, పూటకైనా సరే, పొద్దుగూకేదాకా అయినా సరే.

దీన్ని పట్నాల్లో ‘ఫ్లెక్సిబుల్’ అంటారట. మా ఆఫీసులో ‘ఇర్రెగ్యులర్’ అనేవాళ్ళం. మెమో ఇచ్చేవాళ్ళం.

అంగన్‌వాడీ ఉంది కదా అని మీరు అడగొచ్చు. ఉంది. ఆ టీచరమ్మ చాలా మంచిది. ఆమె తొమ్మిదింటికి వస్తుంది, ఆటో ఐదింటికి పోతుంది. మధ్యలో ఉన్న నాలుగు గంటలు పిల్లల్ని ఎక్కడ పెట్టాలి? ఇదొక ప్రశ్నా! ఆ నాలుగు గంటలు పిల్లలు అసలు లేరనుకుంటే సరిపోయేది. కొంచెం పాజిటివ్‌గా ఆలోచించాలి.

ఆ కేంద్రంలో నాకు అన్నిటికంటే అభ్యంతరంగా తోచింది గేటు దగ్గరి వ్యవహారం. అక్కడ ఒక గిన్నెలో కొబ్బరినూనె, ఒక డబ్బాలో శనగపిండి, ఒక బకెట్టులో పలచటి మజ్జిగ ఉండేవి. మధ్యాహ్నం చేల నుంచి వచ్చిన తల్లి ఎవరైనా సరే, ముందు చేతులకు నూనె రాసుకోవాలి. తర్వాత శనగపిండితో రుద్దుకోవాలి. ఆపైన మజ్జిగలో ముంచాలి. చేతులు రెండూ దేవకుమారికి చూపించాలి. ఆమె సరేనంటేనే లోపలికి వెళ్ళి బిడ్డనెత్తుకోవాలి!

సొంత బిడ్డను ముట్టుకోవడానికి తల్లికి సెక్యూరిటీ చెకింగా? విమానాశ్రయమా అది? పొద్దుట్నుంచి కాయ కోసిన చేత్తో పిల్లాడి ముక్కు తుడిస్తే ఏమవుతుంది? మహా అయితే వాడు రెండు గంటలు గుక్కపట్టి ఏడుస్తాడు. మన ప్రాంతపు కారం మన పిల్లలకు చిన్నప్పుడే ఒంటబట్టొద్దా?

ఇక వాళ్ళ రిజిస్టరు. ఒకసారి మా ఆవిడ జానీబీ ద్వారా తెప్పించుకుని చదివాను. రిజిస్టరు అంటే నాకు మొదట్నుంచీ ప్రాణం. అందులో పిల్లాడి పేరు, తల్లి పేరు ఉన్నాయి. బాగుంది. పక్కన ‘ఎందుకు వదిలారు’ అని ఒక గడి. దాంట్లో దేవకుమారి గుండ్రటి అక్షరాలతో కోత, పత్తి, ముచ్చికలు, చెల్లెలి కాన్పు, ఆధార్ కార్డు అని రాసుకుంటూ పోయింది. అంతవరకూ ఓర్చుకున్నాను. ఒక మంగళవారం నాడు ఒక తల్లి పేరు పక్కన ఏం రాసి ఉందో తెలుసా? ‘నిద్ర’!

పట్టపగలు తల్లి పడుకోవడానికి పిల్లాణ్ణి ఎవరో చూసుకోవాలా? కళ్ళు తిరిగినంత పనైంది. ఎవరా మహాతల్లి అని జానీబీని అడిగాను.

“నస్రత్. వారం రోజులుగా పిల్లోడికి జొరం. రాత్రిళ్ళు కన్ను మూయలేదు. ఖుర్షిదానే బలవంతాన లాక్కుని, పోయి పడుకోమంది” అంది.

“రూల్స్ ఒప్పుకుంటాయా?”

“మీరు మధ్యాన్నం పూట పడుకుంటున్నారుగా. రూల్స్ ఏమన్నా అన్నాయా?”

మా ఆవిడ వాదనలో పస లేదని మీకు తెలుస్తూనే ఉంది. నేను రిటైర్డ్ ఉద్యోగిని. నాకు నిద్ర హక్కు.

జానీబీ గురించి కూడా ఒక మాట చెప్పాలి. షుగర్ ఉంది, డాక్టరు నడవమన్నాడని రోజూ ఐదున్నరకు వాకింగ్‌కి బయల్దేరేది. ఆరు నెలల తర్వాత తెలిసింది, ఆ వాకింగ్ మొత్తం పదకొండు అడుగులని! మా గేటు నుంచి వాళ్ళ గేటు దాకా. మిగతా రెండు గంటలు అక్కడ ఎవరో ఒకర్ని భుజాన వేసుకుని జోకొట్టేది. చిత్రంగా షుగర్ తగ్గింది. దానికీ దీనికీ సంబంధం లేదని నా అభిప్రాయం.

ఇక శబ్దకాలుష్యం. ఐదింటికి ఆటోల హారన్లు. ఒకడు అమ్మ వెళ్ళిపోతోందని ఏడుస్తాడు. వాణ్ణి చూసి ఇంకొకడు కారణం అడక్కుండానే అందుకుంటాడు. అప్పుడు దేవకుమారి పాట మొదలెడుతుంది. ఏడుపయినా కాసేపటికి ఆగుతుంది గానీ పాట ఆగదు. ఎనిమిదింటి దాకా పడుకునే మనిషిని నేను. ఎన్నాళ్ళని సహిస్తాను?

ఒకరోజు తెల్ల కాగితం తీసుకుని, మార్జిన్ మడిచి, ఒంగోలులోని సంబంధిత కార్యాలయానికి ఫిర్యాదు రాశాను. ఆ కార్యాలయం పేరు ఇక్కడ రాయను. నేను ఇంకా బతకాల్సినవాణ్ణి. ‘విషయం: శాంతిభంగము కలిగించు శిశువులపై తగు చర్య తీసుకొనుట గురించి’. మూడు పేరాలు, ఒక్క కొట్టివేత లేదు. అంత చక్కటి ఫిర్యాదు నా సర్వీసు మొత్తంలో నాకు రాలేదు.

ఫలితం వెంటనే కనిపించింది. చైతన్యకృష్ణ అనే యువ అధికారి వచ్చారు. మెత్తని మనిషి, అందర్నీ అండీ అంటారు. సరిగ్గా పదకొండు గంటలకు వచ్చి షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆ వేళకు లోపల పంతొమ్మిది మంది పిల్లలున్నారు. ఒకడు ఆయన చొక్కా పట్టుకుని నిలబడ్డాడు. ఇంకొకడు ఆయన మెడలోని ఐడీ కార్డు నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టాడు.

ఆయన రిజిస్టరు తిరగేశారు. అరవై మూడు మంది పేర్లున్నాయి. వాళ్ళ ఫారం ప్రకారం నూటికి డెబ్బై అయిదు రోజులు వస్తేనే పిల్లాడు పిల్లాడి కింద లెక్క. అందరికంటే ఎక్కువగా వచ్చింది నస్రత్ కొడుకు ఇలియాస్. వాడే సగం రోజులు రాలేదు! చైతన్యకృష్ణ గారు ఫోన్‌లో రెండుసార్లు లెక్క చూసుకుని, ఐడీ కార్డును నమిలేవాడి నోట్లోంచి మెల్లగా తీసి, ఫారంలో రాశారు: ‘కేంద్రంలో పిల్లలు లేరు’.

పంతొమ్మిది మంది మధ్యలో కూర్చుని ఆ వాక్యం రాయాలంటే ఎంత నిబ్బరం ఉండాలి! నేను గోడ అవతల నుంచి మనసులోనే చప్పట్లు కొట్టాను.

ఖుర్షిదా నెమ్మదిగా అడిగింది. “సార్, పని లేని రోజు తల్లి ఇంటికాడే ఉంటది గదా. పిల్లోణ్ణి ఇక్కడికెందుకు తెస్తది?”

“నాకు అర్థమైందమ్మా. ఫారానికి అర్థం కావాలి కదా” అన్నారాయన. పాపం మంచివాడే. పదిహేను రోజుల్లో మళ్ళీ వస్తానని, అప్పుడు ‘కేంద్రం ఆవశ్యకత’ చూస్తానని, అది కనిపిస్తే ప్రత్యేకంగా రాస్తానని చెప్పి వెళ్ళారు.

ఇక్కడే మా ఊరి ఆడవాళ్ళ తెలివి చూడండి. రెండో తనిఖీకి ముందురోజు సాయంత్రం షెడ్డులో మీటింగు పెట్టుకున్నారు. గోడ పక్కనే కుర్చీ వేసుకున్నాను కాబట్టి ఒక్క మాట పోకుండా విన్నాను.

“సారు మన పిల్లల కోసం ఒంగోలు నుంచి వస్తంటే మనం చేనికి పోతే ఏం మర్యాద? ఎదురుగా ఉండి దండం పెట్టొద్దా?” అంది నస్రత్.

అందరికీ ఆ మాట నచ్చింది. మర్యాద విషయంలో మా ఊరు ఎవరికీ తీసిపోదు. మర్నాడు కూలి పోయినా పోనీ అని నలభై మంది తల్లులు పని మానేశారు. రంజానుకు కొన్న చీరలు కొందరు, క్రిస్మస్‌కు కొన్న చీరలు కొందరు కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని, పిల్లలకు పౌడరు రాసి, షెడ్డులో వరసగా కూర్చున్నారు. ఎవరి బిడ్డ వాళ్ళ ఒళ్ళో ఉంది. మూడేళ్ళలో మొదటిసారి ఖుర్షిదాకీ దేవకుమారికీ చేతిలో పని లేదు. ఇద్దరూ గోడకానుకుని నిలబడ్డారు.

చైతన్యకృష్ణ గారు మళ్ళీ పదకొండింటికే వచ్చారు. చూశారు. నలభై మంది తల్లులు. పట్టు చీరలు. ఒళ్ళో పిల్లలు. అందరూ లేచి దండం పెట్టారు. ఆయన కూడా దండం పెట్టి, కూర్చుని రాశారు: ‘తల్లులందరూ ఖాళీగానే ఉన్నారు. పిల్లలు తల్లుల వద్దనే ఉన్నారు. కేంద్రం ఆవశ్యకత కనబడలేదు.’

మీరే చెప్పండి, కళ్ళకు కనబడింది కాక ఇంకేం రాస్తారు?

సరిగ్గా అప్పుడే అలీ సాహెబ్ ఆటోలో దూసుకొచ్చాడు. ఆరెకరాల మిరప వేసిన రైతు. పొద్దుట్నుంచి కూలీల కోసం చేలో నిలబడి నిలబడి వెతుక్కుంటూ వచ్చినవాడు.

“ఏందమ్మా ఇది? కాయంతా చెట్టునే ఎండిపోతా ఉంటే మీరంతా పెళ్ళికొచ్చినట్టు కూర్చున్నారేంది?” అని కేకలేశాడు. విషయం తెలిశాక అధికారి వైపు తిరిగాడు. “అయ్యా, ఈ ఒక్క పూట వీళ్ళు ఇక్కడున్నందుకే నా చేను ఇట్టా అయింది. ఆవశ్యకత కనబడలేదంటారేందండీ? రండి, నా చేలో చూపిస్తా!”

ఆ చేను ఆయన పరిధిలోకి రాదు. ఫారంలో చేనుకు గడి కూడా లేదు. ‘తనిఖీ సమయమున ఒక రైతు గొడవ చేసినాడు’ అని మాత్రం రాసుకుని, ఆవశ్యకత లేనప్పుడు అనుమతీ ఉండదని చెప్పి, తలుపుకు తాళం వేయించి, తాళంచెవి కవర్లో పెట్టి వెంట తీసుకెళ్ళారు.

అదిగో, ఆ రోజు నుంచి మా ఊళ్ళో అన్నీ మేళ్ళే!

మొదటి మేలు నాకే. మా గోడ అవతల నిశ్శబ్దం. పిల్లలిప్పుడు ఒకే చోట ఏడవడం లేదు. ఆటోల్లో తల్లుల ఒళ్ళో కూర్చుని వెళుతూ ప్రతి వీధిలో కొంచెం కొంచెం ఏడుస్తున్నారు. ఏడుపు వికేంద్రీకరణ అన్నమాట! ఇన్నాళ్ళూ నేనొక్కణ్ణే లేచేవాణ్ణి. ఇప్పుడు ఊరంతా ఐదింటికే లేస్తోంది.

పిల్లలకు ప్రకృతి దగ్గరైంది. నాలుగు కర్రలు పాతి పైన పాత చీర కడితే చేను గట్టునే స్కూలు. ఏసీ అక్కర్లేదు, గాలి వస్తుంది. గాలితో పాటు దుమ్మూ వస్తుంది, మందు కొట్టిన వాసనా వస్తుంది. రోగనిరోధక శక్తికి మంచిదంటారు కదా! ఒకడు పాకుతూ పాకుతూ పక్క సాలులోకి వెళ్ళిపోతే అరగంట వెతికారట. అంత చిన్న వయసులో అంత దూరం స్వతంత్రంగా ప్రయాణించే అవకాశం ఆ షెడ్డులో ఉండేదా?

తల్లులకూ మేలే. అంతకుముందు కాయ కోసేటప్పుడు కాయ మీదే ధ్యాస. ఇప్పుడు ఒక కన్ను కాయ మీద, ఒక కన్ను గట్టు మీద. మెడకు మంచి ఎక్సర్‌సైజు. నస్రత్ మొన్న చేలో నుంచి రాగానే ఆత్రంగా కొడుకునెత్తుకుని ముద్దాడింది. చేతులు కడుక్కుంది గానీ వట్టి నీళ్ళతో కడుక్కుంటే కారం పోతుందా? వాడు కళ్ళు నులుముకుంటూ సాయంత్రం దాకా ఏడ్చాడు. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుని వాడి ముందు కూర్చుని తనూ ఏడ్చింది. తల్లీబిడ్డల అనుబంధం ఎంత బలపడిందో గమనించండి.

విద్యారంగానికి కూడా లాభమే. నస్రత్‌కు ఒక కూతురుంది, కౌసర్. తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. ఎండలో చేనుకు తీసుకెళితే పిల్లాడికి మళ్ళీ జొరమొస్తుందని నస్రత్ వాణ్ణి కౌసర్‌కు అప్పగించి పోతోంది. దాంతో కౌసర్ బడికి పోవడం లేదు. క్లాసులో ఒక పిల్ల తగ్గింది. టీచరుగారికి ఒక నోటుబుక్కు దిద్దే శ్రమ తప్పింది.

మూడు రోజుల కిందట తొమ్మిదిన్నరకు నేను గేటు దగ్గర పేపరు చదువుతుంటే ఆ పిల్ల తమ్ముణ్ణి చంకనేసుకుని వచ్చి నిలబడింది.

“తాతా, ఇవాళ తారీఖెంత?”

చెప్పాను. గచ్చు మీద కూర్చుని, పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, సంచీలోంచి నోటుబుక్కు తీసి పేజీ పైన తారీఖు రాసుకుంది. కింద ఏమీ రాయలేదు. ముందు పేజీలు తిప్పి చూశాను. ప్రతి పేజీ మీదా ఒక తారీఖు, కిందంతా ఖాళీ. పది పేజీలున్నాయి.

“ఇదేంటమ్మా?” అన్నాను.

“ఏం చెప్పారో నాకు తెలీదు గదా తాతా. బడికి పోయినాక మా ఫ్రెండు దాంట్లో చూసి ఎక్కిచ్చుకుంటా. చోటు ఉండాలిగా.”

ఇక్కడ నాకు ఐదో మేలు, ఆరో మేలు రాయాలని ఉంది. చేయి ఆడటం లేదు. సిగ్గేసింది. ముప్పై నాలుగేళ్ళలో ఎన్నో పేజీలు ఖాళీగా వదిలాను గానీ, ఒక పిల్ల నోటుబుక్కులో నేను వదిలించిన ఖాళీ చూడటం ఇదే మొదలు.

ఆ సాయంత్రం నస్రత్ వాళ్ళింటికి వెళ్ళాను. “అమ్మాయ్, పిల్లాణ్ణి మా ఇంట్లో వదులు. జానీబీ చూసుకుంటుంది. కౌసర్‌ని బడికి పంపు” అన్నాను.

ఆమె గొంతు పెంచలేదు. ఎత్తిపొడవలేదు కూడా. మామూలుగానే అంది.

“వద్దులే బాబాయ్. వీడు ఏడుస్తాడు. మీకు నిద్ర చెడిపోద్ది.”

అంటే ఫిర్యాదు రాసిందెవరో ఊరందరికీ తెలుసన్నమాట! చేతిరాత బాగుంటే ఇదే చిక్కు. ఇంటికొచ్చాను. జానీబీ టీ ఇచ్చింది. పన్నెండు రోజులుగా ఆ టీలో చక్కెర ఉండటం లేదు. షుగర్ ఉన్నది ఆమెకు, చక్కెర మానింది నేను.

పాఠకులు అపార్థం చేసుకోకూడదు. నా అభిప్రాయం ఏమీ మారలేదు. కేవలం కాలక్షేపానికి ఇంకో తెల్ల కాగితం తీసుకుని, నా ఫిర్యాదు ఉపసంహరించుకుంటున్నానని రాసి, స్వయంగా ఒంగోలు వెళ్ళి ఇచ్చాను. సెక్షన్ గుమాస్తా చదివి, ఎంతో మర్యాదగా, “నంబరు పడ్డ ఫిర్యాదు వెనక్కి రాదండీ” అన్నాడు. ఆ పద్ధతి నాకు బాగా తెలుసు. మా ఆఫీసులోనూ అదే. ఎన్ని వందల మందిని ఆ మాట చెప్పి మెట్లు దింపానో లెక్కలేదు. మెట్లు ఇంత ఎత్తుగా ఉంటాయని మాత్రం అప్పుడు తెలియలేదు.

ఇక మిగిలింది ఒక్కటే దారి. ఆవశ్యకత అనేది పదకొండింటికి కనబడదు. ఐదింటికి మా గేటు దగ్గర నిలబడితే కనబడుతుంది. తనిఖీ ఆ వేళకు చేయమని చైతన్యకృష్ణ గారినే అడగాలి. ఎప్పుడు అడగాలి? ఐదింటికే!

నిన్న తెల్లవారుజామున అలారం పెట్టుకుని లేచాను. గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆటోలు ఒక్కొక్కటిగా వస్తున్నాయి. ఖుర్షిదా, దేవకుమారి తాళం వేసిన తలుపు ముందు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. పని లేకపోయినా రోజూ ఆ వేళకు వస్తున్నారట. అలవాటు! ఒక ఆటోలో ఎవరి పిల్లో వాళ్ళను చూసి చేతులు చాపింది. దేవకుమారి లేవబోయి మళ్ళీ కూర్చుంది.

అధికారి గారికి ఫోన్ కలిపాను. మంచి నిద్రలో ఉంటారు, నాలుగు చీవాట్లు తినాలి అనుకున్నాను. మొదటి రింగుకే ఎత్తారు.

“హలో” అనేలోపే చిన్నపిల్ల ఏడుపు వినిపించింది. గుక్కపట్టి ఏడుస్తోంది. ఉదయం ఐదింటికి! శాంతిభంగం! గోడ వైపు చూశాను. అటు కాదు. ఏడుపు నా ఫోన్‌లోంచి వస్తోంది.

“సారీ అండీ, ఒక్క నిమిషం... ఇదిగో, ఇదిగో నాన్నా, అయిపోయింది, పాలు కలుపుతున్నా... ఆఁ, చెప్పండి సుభానీ గారూ.”

చెప్పాను. రేపొకసారి ఐదింటికి వచ్చి మా గేటు దగ్గర పది నిమిషాలు నిలబడండి, ఏమీ రాయక్కర్లేదు, చూస్తే చాలు అన్నాను.

“ఐదింటికా? అయ్యో, కుదరదండీ” అన్నారాయన. “మా మిసెస్‌ది హాస్పిటల్లో నైట్ డ్యూటీ. తను ఎనిమిదింటికి గానీ రాదు. అప్పటిదాకా పాపతో నేనొక్కణ్ణే. మూడేళ్ళు కూడా నిండలేదు. నేనక్కడికి వస్తే దీన్ని ఎవరి దగ్గర వదిలి...”

మాట అక్కడ ఆగిపోయింది.

ఎప్పుడు మాట్లాడకూడదో తెలియడమే సర్వీసులో నేను నేర్చుకున్న ఒకే ఒక్క విద్య. అటువైపు పాప పాలు తాగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇటువైపు చివరి ఆటో కూడా వెళ్ళిపోయింది.

“సుభానీ గారూ” అన్నారు చివరికి, చాలా నెమ్మదిగా. “పాపను వెంట తీసుకొస్తాను. అక్కడ ఒక గంట చూసుకోవడానికి ఎవరైనా ఉన్నారా?”

“ఉన్నారండీ. ఇద్దరు మెట్ల మీదే కూర్చుని ఉన్నారు. తాళంచెవే మీ దగ్గరుంది, పాపతో పాటు అదీ పట్టుకురండి” అన్నాను.